ముప్పై సెంట్లలో లాన్ వేయాలా, చెట్లు పెట్టాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. కర్నూలు శివార్లలో మీ కాలనీ లేఅవుట్‌కి వదిలిన ముప్పై సెంట్ల ఖాళీ స్థలం ఉంది. సంఘంలో సగం మంది లాన్, ఫౌంటెన్, టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్‌తో పార్కు చేద్దామంటున్నారు, మిగతా సగం చెట్లు పెడితే చాలంటున్నారు. ఈలోగా ఒకాయన ఉపగ్రహం తీసిన వేడి పటం ఒకటి గ్రూపులో పెట్టి, "చూడండి, మే నెల పగటి పూట ఊరి కన్నా ఊరి బయట పొలాలే ఎర్రగా ఉన్నాయి, చెట్లతో ఊరు చల్లబడుతుందనేది ఒట్టి మాట" అని తేల్చేశారు. అసలు పచ్చదనంతో చల్లబడుతుందా, ఎంత చల్లబడుతుంది, మన ఊళ్ళో దానికి నీళ్ళు పోయడం దండగ కాదా అని మీ ప్రశ్న.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలోనే ఉన్నా. నర్సరీ పెంచడం, రోడ్ల పక్కన, ఆఫీసు ఆవరణల్లో, కాలనీల్లో మొక్కలు పెట్టించడం, కర్నూలు, కడప, అనంతపురం మూడు చోట్లా. బతికిన చెట్ల కన్నా చచ్చిన చెట్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ పటం సంగతి, ఎందుకంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఐఐటీ బాంబే పరిశోధకులు 2017లో మన దేశంలోని నగరాలను ఉపగ్రహ సమాచారంతో పరిశీలించి ఇదే చెప్పారు: వానలకు ముందు, ఎండాకాలం పగటి పూట చాలా నగరాల నేల చుట్టుపక్కల పల్లె నేల కన్నా చల్లగా కనిపిస్తుంది, రాత్రికి అది తిరగబడుతుంది. కారణం వెతకడానికి ఐఐటీ దాకా పోనక్కర్లేదు, మే నెలలో డోన్ రోడ్డు పట్టుకుని పది కిలోమీటర్లు పోతే చాలు. బుడ్డలు (వేరుశనగ) పీకేసిన ఎర్రనేల, శనగ కోసేసిన నల్లరేగడి, ఎటు చూసినా ఆకు లేదు, తడి లేదు. పొయ్యి మీద పెట్టిన పెనంలా ఉంటుంది. ఊళ్ళో కనీసం ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడుతుంది, సందుకో వేపో కానుగో ఉంటుంది, ఎవరో ఒకరు వాకిట్లో నీళ్ళు చల్లుతారు. అంటే ఆ పటం చెట్లు పనికిరావని చెప్పడం లేదు. ఆకు అన్నదే లేని చోట నేల ఏమవుతుందో చూపిస్తోంది. మీ గ్రూపులో ఆయనకు ఈ మాట చెప్పండి, కోపం తెచ్చుకోరనుకుంటా.

ఇంకోటి, ఉపగ్రహం పైనుంచి చూసేది మిద్దెల పైభాగాన్ని, నేల పైపొరని. సందులో నడిచే మనిషికి ఎట్లా ఉందో దానికి తెలీదు.

అసలు చూడాల్సింది రాత్రి పటం. పొద్దు గుంకిన రెండు మూడు గంటలకి పొలం వేడి దిగిపోతుంది, తెల్లవారుజామున ఆరుబయట పడుకున్నవాడికి ప్రాణం లేచి వస్తుంది. ఊళ్ళో కాంక్రీటు, ఇటుక, తారు పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతూనే ఉంటాయి. రాత్రి పదింటికి చెప్పుల్లేకుండా మిద్దె ఎక్కి చూడండి, కాలికి తెలుస్తుంది. కింద గదిలో ఫ్యాను తిప్పేది ఆ స్లాబు వేడినే. దానికి తోడు సందుకు ఇరవై ఏసీలు లోపలి వేడిని తెచ్చి బయట పోస్తుంటాయి. పగటి ఎండకు అలిసిన ఒంటికి రాత్రి కాస్త చల్లదనం దొరక్కపోతే ముసలివాళ్ళకి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అదే ప్రాణం మీదికొస్తుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు, మనం మర్చిపోయాం కానీ అదేం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు చెట్టు ఏం చేస్తుందో చూద్దాం. రెండు పనులు చేస్తుంది: వేళ్ళతో తాగిన నీళ్ళని ఆకుల్లోంచి ఆవిరి చేస్తుంది, నీడ ఇస్తుంది. అందరికీ మొదటిదే గొప్పగా అనిపిస్తుంది, అందులో సైన్సు ఉంది కాబట్టి. అది అబద్ధం కాదు కూడా. మన ఇళ్ళల్లో గడ్డి పెట్టిన ఎయిర్ కూలర్ ఉంటుంది కదా, అది కర్నూల్లో పనిచేసినంత బాగా విశాఖలో పనిచేయదు, ఎందుకంటే మన గాలి పొడిది, నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, అక్కడి గాలి ముందే తడిసి ఉంటుంది. చెట్టు కూడా అట్లాంటి కూలరే. లెక్క చెప్తా. ఒక లీటరు నీళ్ళు ఆవిరి కావడానికి సుమారు 2,450 కిలోజౌళ్ళ వేడి కావాలి, కరెంటు బిల్లు భాషలో 0.68 యూనిట్. వేళ్ళకు నీళ్ళు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్లు ఆవిరి చేసిందనుకోండి, 68 యూనిట్ల వేడిని మింగినట్టు. ఒక టన్ను ఏసీ గంటకు 3.5 యూనిట్ల వేడిని లాగుతుంది, అంటే దాదాపు పందొమ్మిది గంటలు ఏసీ నడిచినంత. ఏసీ ఆ వేడిని, తాను తిన్న కరెంటుతో సహా పక్కింటి కిటికీ మీదికి ఊదుతుంది. చెట్టు ఊదదు.

ఈ లెక్కే వాట్సాప్‌లో ఒక చెట్టు ఇన్ని ఏసీలతో సమానం అని పెరిగి పెరిగి తిరుగుతుంటుంది. అక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఏసీ నాలుగు గోడల మధ్య ఉంటుంది, చెట్టు ఆరుబయట ఉంటుంది, అది చల్లబరిచిన గాలి అక్కడే ఆగదు, నాలుగు దిక్కులా కలిసిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం: ఆ వంద లీటర్లు ఎక్కడివి? మేలో నేల ఆరడుగుల లోతు దాకా ఎండిపోయి ఉంటే ఏ చెట్టూ వంద లీటర్లు వదలదు. మధ్యాహ్నం వేడిగాలికి ఆకు మీది రంధ్రాలు మూసుకుని తన ప్రాణం తాను కాపాడుకుంటుంది. మనం మధ్యాహ్నం తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చున్నట్టే. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, కర్నూలుదీ గొప్పేం కాదు. ఇట్లాంటి చోట ఆవిరి మీద ఆశ పెట్టుకుని పార్కు వేస్తే ట్యాంకర్ వాడు బాగుపడతాడు.

నీడకి ఆ ఇబ్బంది లేదు. నీళ్ళు తాగినా తాగకపోయినా, రంధ్రాలు మూసినా తెరిచినా, ఆకు ఉన్నంతసేపు నీడ ఉంటుంది. నా అనుభవంలో మన మూడు జిల్లాల ఊళ్ళకి చెట్టు చేసే మేలులో ముప్పాతిక వంతు ఇదే, చల్లబరచడం కాదు, అసలు వేడెక్కనివ్వకపోవడం. మేలో నడిపొద్దున చదరపు మీటరుకు దాదాపు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది, ఇస్త్రీపెట్టె అంత. తారురోడ్డు పైపొర 60 డిగ్రీలు దాటుతుంది, నల్ల కడప బండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, గుడిలో ప్రదక్షిణ చేసినవాళ్ళకి తెలుసు. అదే బండ వేపచెట్టు కింద ఉంటే చుట్టూ గాలి ఎంత వేడో దానికి అటూ ఇటూగా ఉంటుంది, ఇరవై డిగ్రీల తేడా మామూలు విషయం. పగలు ఆ బండ ఎండ తాగలేదు కాబట్టి రాత్రి కక్కడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. ఇంటి పడమటి గోడకైనా, రోడ్డుకైనా ఇదే లెక్క.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. పేపర్లో కర్నూలు 43 డిగ్రీలు అని వేస్తారే, అది నీడలో కొలిచింది. వాతావరణ శాఖ థర్మామీటరు గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో ఉంటుంది, ఎండ దాని మీద పడదు. మీరు రాజ్‌విహార్ దగ్గర ఆటో కోసం ఎండలో నిలబడితే మీ ఒంటికి ఆ 43తో పాటు పైనుంచి ఎండ, కిందినుంచి రోడ్డు సెగ, పక్కనుంచి గోడ సెగ కూడా తగులుతాయి. చెట్టు కిందికి జరిగితే గాలి వేడి ఒక డిగ్రీయో, రెండు డిగ్రీలో తగ్గుతుందేమో, ఒంటికి మాత్రం పది డిగ్రీలు తగ్గినట్టుంటుంది. అందుకే "పార్కు వల్ల టెంపరేచర్ ఎంత తగ్గుతుంది" అని అడిగితే వచ్చే జవాబు చూసి జనం నీరసపడతారు. ప్రపంచం మొత్తం మీద చేసిన కొలతలన్నీ కలిపి చూస్తే పార్కు లోపల పగటి గాలి బయట కన్నా సగటున ఒక డిగ్రీ దాకా చల్లగా ఉంటుంది, అంతే. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం యూరప్‌లోని 93 నగరాల్లో చెట్ల కప్పుని 30 శాతానికి పెంచితే సగటున 0.4 డిగ్రీలే తగ్గుతుంది. కానీ ఆ 0.4తోనే నగరపు అదనపు వేడి వల్ల పోయే ప్రాణాల్లో మూడో వంతుకు పైగా నిలబడతాయని అదే లెక్క చెప్పింది. చిన్న అంకె అని కొట్టిపారేయొద్దు.

మీ ముప్పై సెంట్ల పార్కు చల్లదనం కాలనీ అంతా పాకుతుందా అంటే, పాకదు. మోటు లెక్క ఏమిటంటే పార్కు వెడల్పు ఎంతో దాని చల్లదనం చుట్టూ దాదాపు అంత దూరమే పోతుంది, చిన్న పార్కుదైతే అదీ అనుమానమే. గార్గేయపురం నగరవనం చాలా బాగుంటుంది, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి. కానీ అది ఊరి బయట ఉంది, బుధవారపేట రాత్రిని అది చల్లబరచలేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కిందికి ఎప్పుడైనా మధ్యాహ్నం పోయారా? అయిదెకరాల దాకా పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్‌లో ఎక్కింది. లోపల ఉన్నంతసేపు వేరే లోకం, ఊడల బయటికి అడుగు పెట్టి నాలుగు బారలు నడిస్తే మళ్ళీ అదే ఎండ. అంత పెద్ద చెట్టుకే అట్లా ఉంటే మన పార్కు ఎంత.

అందుకే నేను చెప్పేది, నీడని ఒకచోట కుప్ప పోయొద్దు, పరచండి. కేంద్రం 2014లో ఇచ్చిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల్లో తలకు 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని రాశారు. లేఅవుట్లలో పది శాతం వదలాలనే నిబంధనా ఉంది, మీ ముప్పై సెంట్లు అట్లా వచ్చినవే. కానీ ఆ లెక్కలో లాన్ కూడా పచ్చదనమే, గేటు వేసిన పార్కు కూడా పచ్చదనమే. మన ఊళ్ళలో పార్కులకు ఒక జబ్బు ఉంది, పొద్దున తొమ్మిదింటికి తాళం వేసి మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీస్తారు. అంటే ఎండ మండే వేళంతా నీడ లోపల, మనిషి బయట. తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మేవాళ్ళు, పొద్దున్నే కూడలిలో పనికోసం నిలబడే అడ్డా కూలీలు, పెద్దాసుపత్రి గేటు బయట రోగి తాలూకు మనుషులు, బస్సు కోసం కాచుకునేవాళ్ళు, వీళ్ళ మీద నీడ పడితే అది లెక్క. సిగ్నళ్ళ దగ్గర ఎండాకాలం గ్రీన్ మ్యాట్ పందిళ్ళు వేస్తున్నారు, నాకు అది చాలా తెలివైన పని అనిపిస్తుంది, చెట్టు ఎదిగేదాకా పందిరి. తర్వాత చెట్టు పెట్టడమే మర్చిపోతున్నారు.

కొలంబియాలో మెడెలిన్ అని ఒక నగరం 2016 నుంచి రోడ్ల వెంట, వాగుల వెంట ముప్పై పచ్చని దారులు వేసి, అక్కడ రెండు డిగ్రీల దాకా తగ్గిందని చెప్పుకుంటోంది. వాళ్ళకు వానలకి కొదవ లేదు, మనం అచ్చం అట్లాగే చేయలేం, అయినా పొడుగు దారుల ఆలోచన మాత్రం మనకు సరిగ్గా సరిపోతుంది. కర్నూలు నడుమ నుంచి కేసీ కాలువ పోతోంది, హంద్రీ పోతోంది. ఆ కట్టల పొడవునా రెండు వరుసల నీడ ఉంటే ఊరికి ఎన్ని పార్కులు వేసినా దానికి సాటి రాదు. సరే, అది మీ కాలనీ చేతిలో లేదు, వదిలేయండి.

లాన్ సంగతికి వద్దాం. మేలో మన ఎండకు గడ్డి పచ్చగా ఉండాలంటే రోజుకు తక్కువలో తక్కువ ఆరు మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ముప్పై సెంట్లు అంటే 1,214 చదరపు మీటర్లు. గుణించుకోండి, రోజుకు 7,200 లీటర్ల పైచిలుకు, అయిదువేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర. వారానికి యాభై వేల లీటర్లు. అదే స్థలంలో పదిహేను చెట్లు పెట్టి, మొదటి మూడు ఎండాకాలాలు చెట్టుకు ఇరవై లీటర్లు చొప్పున వారానికి రెండుసార్లు పోస్తే ఆరువందల లీటర్లు. మూడు డ్రమ్ములు! ఎనిమిదేళ్ళకి ఒక్కో చెట్టు ఎనిమిది మీటర్ల అడ్డం విప్పుకుంటే పదిహేను చెట్లు ఏడున్నర వందల చదరపు మీటర్ల నీడ, అంటే మీ స్థలంలో అరవై శాతం. ఇంత ఖర్చు పెట్టి లాన్ వేసినా మధ్యాహ్నం దాని మీద మీరు కూర్చోగలరా? దానికి నీడే లేదు కదా. ఫౌంటెన్ గురించి నేనేం మాట్లాడను, రెండో ఏడాది దాంట్లో దోమలు, పగిలిన టైల్స్ తప్ప ఏమీ మిగలదు, ఎన్ని చూశానో.

ఒక్క విషయంలో లాన్ వాళ్ళకి మార్కులు వేయాలి. చెట్లు గొడుగులు కలిసేంత దగ్గరగా పెడితే రాత్రి పూట ఆ కప్పు కింద వేడి పైకి పోదు, గాలి ఆడదు. ఖాళీ నేల ఆకాశానికి తెరుచుకుని ఉంటే త్వరగా చల్లబడుతుంది. అందుకే మొత్తం మూసేయొద్దు, నడుమ ఓ నాలుగైదు సెంట్లు ఖాళీగా, మట్టినేలగా వదలండి. సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు, పెద్దవాళ్ళు కూర్చుంటారు. ట్రాక్‌కి టైల్స్ వద్దు, బేతంచెర్ల బండలూ వద్దు, గట్టిగా దిమ్మిస వేసిన ఎర్రమట్టి చాలు, వాన నీళ్ళు కూడా లోపలికి దిగుతాయి.

ఏ చెట్టు అనేది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, నర్సరీ వాళ్ళం మేమే జనాన్ని ఇందులో చెడగొట్టాం, ఏది త్వరగా పెరిగితే అది అమ్మాం. నా పరీక్ష ఒక్కటే: ఏప్రిల్ 15న ఆ చెట్టుకి ఆకు ఉంటుందా? టేకు మంచి చెట్టే, ఎండాకాలం మోడు. తురాయి పూలు అందమే, ఏప్రిల్‌లో చూస్తే కట్టెలు, ఆకు నిండేసరికి వానలొస్తాయి, పైగా గాలికి కొమ్మ విరుగుతుంది. కానుగ మాత్రం మార్చిలో ఆకు రాల్చి పదిహేను ఇరవై రోజుల్లో లేత పచ్చగా మళ్ళీ కప్పేస్తుంది, సరిగ్గా మనకి కావాల్సిన వేళకి. వేపా అంతే. ఆమధ్య వేపలకి తెగులొచ్చి కొమ్మలు ఎండిపోతే చచ్చిపోయాయని కొందరు కొట్టేశారు, కొట్టకుండా వదిలేసినవి చాలామటుకు మళ్ళీ చిగిర్చాయి. చింత నిదానం, కానీ దాని నీడంత చిక్కటి నీడ ఇంకోటి లేదు, మనవళ్ళ కోసం పెట్టేవాళ్ళు పెట్టొచ్చు. నేరేడు నీళ్ళు ఉన్నచోట బాగుంటుంది, కింద పార్కింగ్ లేకుండా చూసుకోండి. నిద్రగన్నేరు ఆరేళ్ళకే పెద్ద గొడుగు పడుతుంది, అయితే వేళ్ళు పైపైన, ఈదురుగాలికి కొమ్మలు పడతాయి, స్థలం మధ్యలో పర్లేదు, ఇంటి పక్కన వద్దు. రావి, మర్రి చెరువు గట్టుకి, గుడి ఆవరణకి.

వద్దనేవి: నరమామిడి, అదే మనవాళ్ళు అశోక అంటారే, నిలువుగా స్తంభంలా పెరుగుతుంది, నీడ దాని వేళ్ళకే చాలదు. రాయల్ పామ్, ఖర్జూరం లాంటివి రోడ్డు మధ్యలో ఫొటోకి. కోనోకార్పస్ పేరు ఎవరైనా ఎత్తితే ఆ మీటింగ్ నుంచి లేచి వచ్చేయండి, వేళ్ళు పైపుల్లోకి, డ్రైనేజీలోకి దూరతాయి, గుజరాత్ 2023లో దాన్ని పెట్టడమే నిషేధించింది.

ఎక్కడ పెట్టాలి అనేదానికి సూర్యుడిని అడగాలి. మన కర్నూలుకి మే మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళ కిందే పడుతుంది. కడప, అనంతపురాలకి ఏప్రిల్ చివర్లోనే. అక్కడి నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఎండాకాలం ఇంటి దక్షిణపు గోడకి ఎండ దెబ్బ పెద్దగా లేదు, దెబ్బంతా మిద్దెకి, పొద్దున తూర్పు గోడకి, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా పడమటి గోడకి. కాబట్టి ఇంటికి పడమర వైపు పది పదిహేను అడుగుల దూరంలో కానుగ పెట్టండి, వాస్తు వాళ్ళు పడమర చెట్టుకి అభ్యంతరం చెప్పరు కూడా, ఆ విధంగా కలిసొస్తుంది. మిద్దెకి చెట్టు చాలదు, దానికి తెల్ల సున్నం. పాతకాలం చౌడుమట్టి మిద్దెల్లో పుట్టి పెరిగినవాళ్ళకి స్లాబు ఇల్లంటే ఎందుకంత ఉక్కపోతో ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక చెట్టు బతకడం. పదేళ్ళ కిందట ఈ మూడు ఊళ్ళలోనే ఒకచోట, ఏదని చెప్పను, నాకు రోడ్డు డివైడర్ మీద మూడువందల మొక్కలు పెట్టే పని వచ్చింది. జులైలో పెట్టాం, ఫొటోలు దిగారు, డిసెంబరు దాకా బ్రహ్మాండం. నీళ్ళ ట్యాంకరు కాంట్రాక్టు మార్చితో అయిపోయింది. కొత్తది పిలవడానికి ఫైలు కదిలి కదిలి జూన్ వచ్చింది. అప్పటికి నలభై చిల్లర మిగిలాయి. మరుసటి జులైలో అవే గుంతల్లో మళ్ళీ మొక్కలు, మళ్ళీ ఫొటోలు. నేను రెండోసారి ఆ పని తీసుకోలేదు. మొక్క ఖరీదు వందో రెండొందలో, దాన్ని మూడు మే నెలలు దాటించే ఖరీదే అసలు ఖరీదు. మీ సంఘంలో డబ్బు వసూలు చేసేటప్పుడు ఈ నీళ్ళ డబ్బు ముందే పక్కన పెట్టేయండి.

గుంత మూడడుగులు పొడవు, వెడల్పు, లోతు. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. వేలెడంత మొక్క కాకుండా ఆరేడు అడుగుల మొక్క తీసుకోండి, ట్రీగార్డు తప్పనిసరి, మన కాలనీల్లో మేకలు ఎట్లా తిరుగుతాయో తెలుసుగా. పాదులో వేలెడు మందాన బుడ్డల పొట్టు పరచండి, కడప వాళ్ళైతే చెనక్కాయల పొట్టు అనుకోండి, తడి రెట్టింపు రోజులు నిలుస్తుంది, నూనె మిల్లుల దగ్గర చవగ్గా దొరుకుతుంది. మొక్క పక్కన అడుగున చిన్న బెజ్జం ఉన్న పాత కుండ మెడ దాకా పూడ్చి, నీళ్ళు కుండలో పోయండి, పైన పోస్తే సగం గాలికే పోతుంది. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికి రెండుసార్లు నిండా పోయడం నయం, అప్పుడే వేరు కిందికి దిగుతుంది.

నీళ్ళు ఎక్కడివంటే, బోరు నీళ్ళు, మంచినీళ్ళు అసలు వాడొద్దు. ఇంటికొచ్చిన నీళ్ళలో సుమారు ఎనభై శాతం మళ్ళీ మురుగు కాలువలోకే పోతాయి. మీ కాలనీలో పదిళ్ళ స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు ఒక పైపుతో అటు మళ్ళిస్తే ఆ పదిహేను చెట్లకి మిగిలిపోయేన్ని. ఆర్వో ప్లాంటు వదిలే నీళ్ళు ఉప్పవి, కానుగ కొంత ఓర్చుకుంటుంది, వాటితోనే రోజూ తడిపితే నేల పాడవుతుంది, మార్చి మార్చి పోయండి.

బతికిన చెట్టుకి కూడా మనవాళ్ళు రెండు రకాలుగా ప్రాణం తీస్తారు. ఒకటి, మొదలు దాకా సిమెంటు వేసేయడం. 2013లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో మొదలు చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని చెప్పింది, మీ కాలనీ రోడ్డు వేసేటప్పుడు మేస్త్రీకి ఈ మాట మీరే నిలబడి చెప్పాలి. రెండు, కరెంటు లైన్ల కింద కొట్టడం. సరిగ్గా మార్చి, ఏప్రిల్‌లో వచ్చి సగం చెట్టు నరికిపోతారు, వాళ్ళ బాధ వాళ్ళది, గాలివానకి తీగలు తెగుతాయి. ఆ పని వానలు పోయాక అక్టోబరు, నవంబరుల్లో చేయించుకోగలిగితే ఎండాకాలానికి ఆకు మళ్ళీ నిండుతుంది. లైను కింద మొదటి నుంచీ పొట్టి రకాలే పెడితే ఆ గొడవే ఉండదు. ఎదిగిన చెట్టు ఎవరైనా కొట్టబోతే 2002 నాటి వాల్టా చట్టం (నీళ్ళు, నేల, చెట్ల చట్టం) ఉంది, అనుమతి కాగితం చూపించమని అడగండి.

కాబట్టి మీ స్థలానికి నేనైతే ఇట్లా చేస్తా: లోపల అంచుల వెంట తొమ్మిది పది చెట్లు, కానుగ, వేప, రెండు చింతలు, నడుమ వదిలిన ఖాళీ జాగా పక్కన, ఇళ్ళకు దూరంగా ఒక నిద్రగన్నేరు. మిగతా డబ్బుతో గేటు బయట, కాలనీ మెయిన్ రోడ్డుకి బస్టాపు దాకా ఒక వరుస. తోపుడు బండ్లు ఆగే చోట రెండు ఎక్కువే. గేటుకి మధ్యాహ్నం తాళం వద్దు. గుంతలు మేలోనే తవ్వి ఎండనివ్వండి, మొదటి గట్టి వాన పడ్డాక మొక్క పెట్టండి.

ఆ స్థలానికి పడమర వైపు కరెంటు లైను ఉందా, నేల ఎర్రదా, నల్లరేగడా, ఈ రెండూ చెప్పండి. నల్లరేగడి అయితే గుంత నింపే పద్ధతి మారుతుంది, లైను ఉంటే అటువైపు చెట్లు మారతాయి.